కుక్కర్లో కాపురం

నేను చాలా రేవులు చూశాను. పైపైన చూసి మెచ్చుకున్నవే ఎక్కువ. ఒక ఊళ్ళో అద్దెకి దిగిన గది కిటికీలోంచి రోజూ పొద్దున్నే సముద్రాన్ని చూసి పరవశించిపోయేవాణ్ణి. ఆ కిటికీ కిందే, నీళ్ళ అడుగున, రెండు కుర్చీలూ ఒక కుట్టుమిషనూ తలకిందులుగా పడి ఉన్నాయని నేను ఊరు వదిలే రోజున ఎవరో చెప్పారు. అంతందంగా మెరిసిన నీళ్ళు అంతకాలం ఆ గుట్టు కడుపులో దాచుకున్నాయా అని ఆశ్చర్యపోయాను. అప్పట్నించీ ఏ రేవుకి వెళ్ళినా ముందు అడుగు సంగతి తెలిసిన మనిషెవరో వాకబు చేస్తాను. ప్రతి రేవుకీ అలాంటి మనిషి ఒకరుంటారు. ఈ రేవుకి బుడుంగమ్మ.

అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పడవ అంచు మీద కూర్చుని వెనక్కి వాలి నీళ్ళలోకి పడేటప్పుడు ఆవిడ చేసే ఒకే ఒక్క చప్పుడులోంచి పుట్టిన పేరు. ఇంకెవరు దూకినా నీళ్ళు చెదిరి నాలుగు వైపులా పడతాయి. ఆవిడ దూకితే 'బుడుంగ్', అంతే, మూత పెట్టినట్టు మూసుకుపోతాయి. యాభై దాటిన మనిషి, పొట్టి, గుండ్రం. నేల మీద ఆవిడ నడక చూస్తే ఎవరో బరువైన బీరువాని ఒక్కో మూలే పట్టుకుని జరుపుతున్నట్టుంటుంది. నీళ్ళలోకి దిగిందా, ఆ బీరువాకి రెక్కలొస్తాయి.

వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని రేవు అడుగున పనిచేయడం ఆవిడ ఉద్యోగం. పడవల పంకాలకి చుట్టుకున్న నైలాను వలలు కోసి తీయడం, జారిపడిన సామాన్లు వెతికివ్వడం, అన్నింటికన్నా ముఖ్యంగా చెత్త ఏరడం. ఈ చివరి పనిలో ఆవిడకి ఒక పద్ధతుంది. అది ఏ చట్టంలోనూ లేదు, ఏ గోడ మీదా రాసిలేదు, అయినా రేవంతా దానికి గడగడలాడుతుంది. నీళ్ళలోంచి తీసిన వస్తువు ఎవరిదో తేలితే, ఆ పారేసిన మనిషి దాన్ని మెడలో వేలాడదీసుకుని జెట్టీ ఈ కొసనించి ఆ కొసదాకా నడవాలి. అందరూ చూస్తుండగా.

నేను వచ్చిన వారంలోనే ఒక విహార పడవ కెప్టెన్ దొరికిపోయాడు. తెల్లటి దుస్తులు, భుజం మీద బంగారు చారలు, నున్నగా దువ్విన మీసం. బుడుంగమ్మ రంగు డబ్బా ఒకటి అతని ముందు పెట్టింది.

"ఏం కెప్టెన్ బాబూ, ఇది నీళ్ళలో పడిందా, పడేశావా?"

"జారిపోయిందక్కా. చేతిలోంచి జారిపోయింది."

"మూత బిగించుకుని, లోపల రాయి పెట్టుకుని మరీ జారిపోయిందా?"

జెట్టీ మీద నవ్వులు మొదలయ్యాయి. కెప్టెన్ ఇంకో ప్రయత్నం చేశాడు.

"అక్కా, ప్రయాణికులు చూస్తున్నారు."

"చూడనీ. టిక్కెట్టు లేకుండా చూపిస్తున్నాం కదా!"

నడిచాడు పాపం. మూత సందులోంచి నీలం రంగు ఒక్కో చుక్కే కారి, బంగారు చారల కిందనించి తెల్ల ప్యాంటు దాకా ఒక నదీ దాని ఉపనదులూ గీసింది. ఆ తర్వాత అతని పడవలోంచి అగ్గిపుల్ల కూడా నీళ్ళలో పడలేదని విన్నాను.

ఇక ఆవిడ భర్త. అందరికీ ఆవిడ అక్క కాబట్టి ఆయన అందరికీ బావ. తాడు బావ. పొడుగ్గా, బక్కగా, ముళ్ళు వేసి ఆరేసిన మోకులా ఉంటాడు. ఆవిడ నడుముకి కట్టిన తాడు రెండో కొస ఆయన చేతిలో ఉంటుంది. తాడు ఒకసారి కదిలితే 'బాగానే ఉన్నా'. రెండుసార్లు కదిలితే 'పైకి లాగు'. అదేపనిగా కదిలితే 'చచ్చిపోతున్నా, త్వరగా లాగు'. పెళ్ళయినప్పట్నించీ ఇదే భాష. ఇంట్లో కూడా ఇదే. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు బుడుంగమ్మ మొగుడి చొక్కా అంచు రెండుసార్లు లాగిందంటే, ఆయన నోట్లో ముద్ద నోట్లో ఉండగానే లేచి చెప్పుల కోసం వెతుక్కుంటాడు. ఎందుకని అడగడు. రెండు లాగితే లాగడమే. నేను రకరకాల దంపతుల్ని చూశాను, గంటలకొద్దీ మాట్లాడుకుని ఒక్క ముక్కా అర్థం చేసుకోనివాళ్ళతో సహా. వీళ్ళ వ్యవహారం చూశాక, భాషకి రెండు లాగుళ్ళు చాలేమో, మిగతాదంతా సాహిత్యమేమో అనిపించింది.

బావకి ఒకే ఒక్క పంతం ఉంది. నేను దిగింది తాళ్ళ కొట్టు మీది గదిలో. ఆ కొట్టాయన మంచి మనిషి, వెడల్పాటి నవ్వు, ఒంటరివాడు. తాడు బావ రోజూ ఆ కొట్టుకే వస్తాడు. కావల్సిన తాడు వేలితో చూపిస్తాడు. పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఒక్క మాట మాట్లాడడు.

"ఏళ్ళు గడిచిపోయాయి సార్ ఇలా," అన్నాడు కొట్టాయన ఒక సాయంత్రం. "అంతకుముందు నోరారా బావా అని పిలిచేవాడు. ఏం చేశానో నాకే తెలీదు. అడిగితే నా మొహం వంక ఒక చూపు చూస్తాడు. ఆ చూపు చూశాక నిజంగానే ఏదో చేసుంటాననిపిస్తుంది."

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ ఏడాది గాలివాన వచ్చి రేవు వెనక మూలలో తరాల బురదని ఊడ్చుకుపోయింది. బురద కింద ఉన్నదంతా బయటపడింది. అది రేవు కాదు, ఊరంతటి అటక. అక్కడ విహార పడవలు కట్టేయాలని రేవు కమిటీ ఆశ. అందుకని పంజాని తెప్పించారు. పంజా అంటే గొలుసులకి వేలాడే ఇనప గోళ్ళ యంత్రం. అడుగుదాకా దిగి, గుప్పిట మూసి, దొరికిందల్లా ఎత్తుకొచ్చి ఒడ్డున కక్కుతుంది. అది వచ్చి బయటి గట్టు దగ్గర నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది.

కమిటీ సమావేశానికి నేనూ వెళ్ళాను. ఊరికే కుర్చీ, ఊరికే టీ. ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

"పంజా దింపితే ఒక్క పూటలో అయిపోతుంది కదమ్మా."

"అయిపోతుంది," అంది బుడుంగమ్మ. "పీతలూ అయిపోతాయి. గడ్డీ అయిపోతుంది. ఆ గడ్డికి తోక చుట్టుకుని వేలాడే సముద్రపు గుర్రాలూ అయిపోతాయి. ఇల్లు ఊడవమంటే ఇల్లు పీకి పక్కన పెట్టేవాణ్ణి ఎవరైనా పనిలో పెట్టుకుంటారా? నేను చేత్తో ఏరతాను."

"ఎంతని ఏరతావు?"

"చెంచాతో సహా."

కొత్తగా వచ్చిన రేవు అధికారి, అందరూ మేడమ్ అని పిలిచే అమ్మాయి, సముద్ర జీవుల చదువే చదువుకుని వచ్చింది. ఆవిడకి లోలోపల బుడుంగమ్మ మాటే నచ్చినట్టుంది. కానీ కుర్చీ కుర్చీయే. "సరే, పడవలు వచ్చేలోగా చేత్తోనే చేయండి. గొలుసులూ లంగర్లూ, సొంతదారులు ఉన్నవాటి జోలికి పోవద్దు. అవి పెట్టినవాళ్ళ ఇష్టం. సొంతదారు లేనిది మాత్రం ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే పంజా దిగుతుంది. ఒప్పుకుంటారా?"

"దిక్కూ మొక్కూ లేని చెంచా ఒక్కటి మిగిలినా మీ పంజా దింపుకోండి. నేనే దగ్గరుండి దారి చూపిస్తా."

ఛైర్మన్ గారు ఆ మాట అందరి చేతా విన్నామనిపించారు.

ఏరింది. ఆ ఏరడం చూడాల్సిందే. ఏ వస్తువునీ టక్కున పైకి తీయదు. ముందు వేలితో తలుపు తట్టినట్టు తట్టి, ఎవరమ్మా లోపల అని అడుగుతుందట. నీళ్ళలో ఎలా మాట్లాడతావని నేను అడిగితే, "మాట్లాడతాను, బుడగలొస్తాయి, అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది," అంది. బూటులో కాపురం పెట్టిన చేపని రేవు గోడ పక్కన పేర్చిన రాళ్ళ గుట్టలోకి మర్యాదగా సాగనంపి, అప్పుడు బూటుని పైకి పంపేది. టీ కెటిల్లోంచి పీతని బతిమాలి బయటికి రప్పించడానికి ఒక పూటంతా పట్టింది. ఒకరోజు తాడుకి కట్టి పంపిన పెద్ద రేకు మీద నాచు గీకి చూస్తే 'ఇచ్చట చెత్త వేయరాదు' అని ఉంది. కింద కమిటీ ముద్ర. ఛైర్మన్ గారు, ఎంతైనా పెద్దమనిషి, దాన్ని మెడలో వేసుకుని నడిచారు. గాలికి రేకు అడ్డం తిరిగి రెండుసార్లు ఆయన్నే తెరచాపలా పక్కకి నెట్టింది.

చివరి రోజు వచ్చింది. మూల శుభ్రమైందని తేల్చడానికి మేడమ్ అడుగున అద్దం బిగించిన బకెట్ తీసుకుని బల్లకట్టు మీదకి వచ్చింది. ఆ బకెట్ నీటి మీద పెట్టి తల దూరిస్తే అడుగంతా కనిపిస్తుంది. నేను కూడా తల దూర్చాను. ఆకుపచ్చ గడ్డి అలలు అలలుగా ఊగుతోంది, సముద్రపు గుర్రాలు చదరంగం బల్ల మీదనించి తప్పించుకొచ్చినట్టు నిటారుగా నిలబడి ఉన్నాయి. సంతోషంతో నాకు తల తిరిగింది. రక్తం తలలోకి దిగడం వల్ల కూడా కావచ్చు.

గోడ వారన ఒక పాత టార్పాలిన్ పట్టా మాత్రం మిగిలింది. బుడుంగమ్మ దాన్ని తీయడానికి దిగింది. బుడుంగ్.

కింద జరిగింది ఆవిడ తర్వాత మాకు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచుతూ. పట్టా పక్కకి లాగితే దాని కింద ఒక ప్రెషర్ కుక్కర్ ఉంది. మూత లేదు. మూతి దగ్గర గవ్వలూ గులకరాళ్ళూ గోడలా పేర్చి ఉన్నాయి. తలుపు తట్టింది. రాళ్ళ సందులోంచి ఒక కన్ను చూసింది. అడ్డంగా చీల్చినట్టున్న కన్ను. ఆ కన్ను వెనక ఎనిమిది చేతులు, ఆ చేతుల వెనక కుక్కర్ లోపలి కప్పునించి దండలు దండలుగా వేలాడుతున్న తెల్లటి గుడ్లు, బియ్యపు గింజలంతేసి. ఆక్టోపస్ తల్లి. కదిలిస్తే గుడ్లు పోయినట్టే.

ఆ తర్వాత బుడుంగమ్మ కళ్ళు కుక్కర్ పిడి మీద పడ్డాయి. పిడికి రాగి తీగ అల్లి ఉంది. పచ్చబడింది గానీ అల్లిక చెక్కుచెదరలేదు. ఆ అల్లిక వేయగలిగిన చెయ్యి రేవులో ఒకటే ఉంది. ఆ చెయ్యి అప్పుడు పైన తాడు పట్టుకుని కూర్చుంది.

ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని చదివాను. ఆ క్షణంలో బుడుంగమ్మకి కూడా ఒకటి సరిపోయి ఉండదు.

పట్టా లాగడంతో మట్టి లేచి నీళ్ళు మసకేస్తున్నాయి. మళ్ళీ వస్తే కుక్కర్ ఎక్కడుందో కనపడదేమోనని ఆవిడ నడుముకున్న తాడు విప్పి, గుర్తుకోసం దాని పిడికి కట్టింది. కట్టి, పట్టాని ఇంకాస్త దూరం జరపడానికి అటు తిరిగింది.

ఆక్టోపస్ చేతుల్లో ఒక్కోదానికీ సొంత ఆలోచనలుంటాయంటారు. గుమ్మం ముందు ఎవరో కొత్తగా తాడు కట్టి వెళ్తే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? ఒక చెయ్యి బయటికొచ్చి తాడుని తడిమింది. ఒకసారి లాగి చూసింది. వదిలింది. మళ్ళీ లాగింది.

రెండు.

పైన బల్లకట్టు మీద తాడు బావ, తాడు చుట్టే చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

కింద బుడుంగమ్మ వెనక్కి తిరిగేసరికి కుక్కర్ గాల్లోకి, అదే, నీళ్ళలోకి లేచిపోతోంది. గవ్వలు రాలుతున్నాయి. ఆవిడ అరిచింది. బుడగలొచ్చాయి. అర్థమయ్యేవాళ్ళు పైనున్నారు.

ఎప్పటిలాగే బావ చూపు చక్రం మీద పెట్టి, ఎడమ చెయ్యి నీళ్ళవైపు చాపాడు. పెళ్ళాం పైకొచ్చి ఆ చెయ్యి పట్టుకోవడం మామూలు. ఒక చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"మెల్లగా రా," అన్నాడు బావ ఎప్పటిలాగే. తర్వాత నుదురు ముడిచాడు. "ఇంత చల్లగా ఉందేంటే చెయ్యి? గాజులేవి?"

తిరిగి చూశాడు.

ఆయన వేసిన కేక గట్టునున్న కొంగలన్నీ లేచి చక్కర్లు కొట్టేంతది. కానీ ఒక్క సంగతి మెచ్చుకోవాలి, తాడు వదల్లేదు. తాడుకి వేలాడుతున్నది ఎవరైనా సరే, ప్రాణం పోయినా వదలని చేతులవి. కుక్కర్ నీళ్ళు కారుతూ ఊగుతోంది, ఆక్టోపస్ బావ మణికట్టు పట్టుకుని ఎర్రబడుతోంది, బావ తెల్లబడుతున్నాడు.

మేడమ్ బకెట్ విసిరేసి పరుగున వచ్చి కుక్కర్‌లోకి చూసింది. "గుడ్లు! గుడ్లున్నాయి! నీళ్ళలోకి దింపండి, ముందు నీళ్ళలోకి!"

"అది నన్ను వదలట్లేదు మేడమ్!"

"మీరు కూడా దిగండి!"

బావ మోకాళ్ళ మీద పడి, కుక్కర్ పిడి పట్టుకుని భుజం దాకా చెయ్యి నీళ్ళలో ముంచాడు. నీళ్ళు తగలగానే ఆక్టోపస్ చెయ్యి మెల్లగా విడిపించుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అంతలో బల్లకట్టు అటుపక్క బుడుంగమ్మ తల తేలింది.

"ఏమయ్యా! నేను లాగమన్నానా?"

"రెండు లాగావు కదే!"

"నేను కాదు!"

"మరెవరు?"

"అదే లాగింది!"

బావ ఆలోచించాడు. "దానికి మన లెక్క ఎవరు చెప్పారు?"

అంత కంగారులోనూ మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుడుంగమ్మ మాత్రం నవ్వలేదు. కుక్కర్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని, పొంగుతున్న పాలగిన్నె దించినంత మెల్లగా కిందకి దిగి, ఎక్కడిది అక్కడ పెట్టి, రాలిన గవ్వలు ఏరి గుమ్మం దగ్గర పోసి వచ్చింది.

పైకొచ్చాక మేడమ్ చెప్పింది. "గుడ్లు పిల్లలయ్యేదాకా తల్లి అక్కణ్ణించి కదలదు. వాటికి నీళ్ళు ఊదుతూ, తుడుస్తూ ఉంటుంది. తిండి కూడా తినదు."

"అస్సలు తినదా?"

"అస్సలు. పిల్లలు వెళ్ళిపోయాక తను కూడా పోతుంది. ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఇంకోసారి కదిపితే బతకవు."

జెట్టీ మీద జనం చేరారు. ఛైర్మన్ గారు, కెప్టెన్, మా తాళ్ళ కొట్టాయన, అందరూ.

"చెంచా అన్నావు," అన్నారు ఛైర్మన్. "ఏకంగా కుక్కరే మిగిలిందమ్మా! మాట మాటే. రేపు పంజా దిగుతుంది."

మేడమ్ మొహం వాడిపోయింది. "నియమం నేనే పెట్టాను. సొంతదారు ఉంటే తప్ప..."

"సముద్రం అడుగున కుక్కర్‌కి సొంతదారెవరుంటారు మేడమ్?"

అప్పటిదాకా తడి చెయ్యి చూసుకుంటూ కూర్చున్న తాడు బావ నోరు విప్పాడు. అరచేతిలో పచ్చటి మరక ఉంది. "ఆ పిడికి రాగి తీగుంది. ఆ అల్లిక నాది. అది మా కుక్కర్." గొంతు హెచ్చించాడు. "ఎన్నో ఏళ్ళ కిందట మా ఇంటి వెనక మెట్టు మీద ఆరబెడితే ఎవరో ఎత్తుకెళ్ళారు. ఎవరో నాకు తెలుసు." చెయ్యెత్తి సూటిగా మా తాళ్ళ కొట్టాయన వైపు చూపించాడు. కొట్టాయన వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు.

ఛైర్మన్ గారి మొహం వెలిగింది. "దొంగసొత్తా! అయితే ఇంకా మంచిది. పైకి తీసి ఠాణాలో అప్పజెప్పాల్సిందే. సాక్ష్యం కదా!"

ఇప్పుడు బుడుంగమ్మ మొహం చూశాను. రేవంతటినీ మెడలో చెత్తతో నడిపించిన మనిషి. ఆవిడ కెప్టెన్ వైపు చూసింది. ఛైర్మన్ వైపు చూసింది. మొగుడి వైపు చూడలేదు. నీళ్ళవైపు చాలాసేపు చూసింది.

"దొంగా లేడు, గింగా లేడు," అంది చివరికి. "నీళ్ళలో పారేసింది నేనే."

అలలు కూడా ఒక్క క్షణం ఆగాయంటే నమ్మకండి, అవి ఆగవు. జనం మాత్రం ఆగారు.

"నువ్వా?" అన్నాడు బావ.

"నేనే."

"ఎందుకు?"

"నేను పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే నువ్వు ముందు గదిలో కూర్చుని ఈలలు లెక్కపెట్టావు. 'ఇంకొకటి రానీ, ఇంకొకటి రానీ' అని. నీళ్ళలో తాడు నీ చేతిలో ఉంది, సరేనన్నాను. పొయ్యి కూడా నీ చేతిలోనేనా? ఒళ్ళు మండింది. ఆవిరి వదిలేసి, మూత తీసి అక్కడ పడేసి, కుక్కర్ని వెనక తలుపులోంచి నీళ్ళలోకి విసిరేశాను."

"లోపల ఉడుకుతున్నదో?"

"దాంతో సహా."

బావ కళ్ళు చిన్నవయ్యాయి. ఏళ్ళ వెనక్కి వెళ్ళి వచ్చినట్టున్నాడు. "అందుకా ఆ రోజు బ్రెడ్ పెట్టావు!"

"తర్వాత ఎన్నిసార్లు వెతికానో నాకే తెలుసు. బురద మింగేసింది. నీకేమో ఎవరో ఎత్తుకెళ్ళారని చెప్పేశాను. నువ్వు పాపం ఆ అన్న మీద అనుమానం పెట్టుకున్నావని ఈ క్షణం దాకా నాకు తెలిస్తే ఒట్టు!"

బావ లేచి నిలబడ్డాడు. జెట్టీ వైపు తిరిగి, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు గొంతు విప్పాడు. "బావా!"

తాళ్ళ కొట్టాయన కళ్ళు తళుక్కుమన్నాయి. "ఏంటి బావా?"

"నువ్వే తీశావనుకున్నా."

"ఏంటి?"

"కుక్కర్."

"నాకు కుక్కరెందుకు బావా? నేను ఎప్పుడూ హోటల్లోనే తింటాను కదా!"

ఆ మాటకి జెట్టీ జెట్టీ అంతా పగలబడింది. ఛైర్మన్ గారు మాత్రం పట్టు వదల్లేదు. ఆక్టోపస్‌ని కాపాడ్డానికి ఎవరైనా ఏ కథైనా చెప్పొచ్చు, రుజువేదీ అన్నారు. బావ ఇంటివైపు పొడుగు అంగలు వేసుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో కుక్కర్ మూతుంది. ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో తాగే నీళ్ళ కుండ మీద మూతగా బతికింది. దాని పిడికీ అదే రాగి తీగ, అదే అల్లిక, వాడకానికి బంగారంలా మెరుస్తూ. మేడమ్ మూతని చేతిలోకి తీసుకుని చూసింది. తాళ్ళ గురించి తెలిసిన మనిషిగా కొట్టాయన్ని పిలిచి చూపించింది.

"మా బావ అల్లికే," అన్నాడు ఆయన. కావాలనే 'మా బావ' అన్న ముక్క దగ్గర కొంచెం సాగదీశాడు.

"అయితే కుక్కర్‌కి సొంతదారు ఉన్నారు," అంది మేడమ్. "దొంగతనం కాదు. పెట్టినవాళ్ళ ఇష్టం. సొంతదారు గారూ, దాన్నేం చేయమంటారు?"

"పురుడు అయ్యేదాకా అక్కడే ఉంటుంది," అంది బుడుంగమ్మ. "అద్దె కూడా అడగను."

ఛైర్మన్ గారు పంజా వైపు ఒకసారి జాలిగా చూసి, ఇక వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపారు.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడే జనం వెనకనించి ఒక గొంతు, ఎంతో వినయంగా, ఎంతో తీయగా వినిపించింది. కెప్టెన్.

"అక్కా... మరి మెడ?"

బుడుంగమ్మ అతన్ని కిందనించి పైదాకా చూసింది. తర్వాత మొగుడి వైపు చెయ్యి చాపింది. "ఏది, ఆ మూత ఇటివ్వు. కుక్కర్లో జనమున్నారు, దీంతో సరిపెట్టుకోవాలి."

బావ నడుముకున్న తాడు తీసి, మూత పిడికి ముడేసి, స్వయంగా ఆవిడ మెడలో వేశాడు. ఎవరో సన్మానం చేస్తున్నట్టు చప్పట్లు కొట్టారు. ఆవిడ నడిచింది. ఆ బీరువా నడకతోనే, గడ్డం పైకెత్తి, అటూ ఇటూ చెయ్యి ఊపుతూ. మూత రొమ్ము మీద ఎండకి తళతళలాడుతోంది, దాని ఈల అడుగడుక్కీ ఘల్లుమంటోంది. కెప్టెన్ తన పడవ హారన్ మోగించాడు. అది చూసి మిగతా పడవలూ మోగించాయి. వలలు బాగుచేసే ఆడవాళ్ళు డబ్బాలు వాయించారు. నేను ఇంత వయసొచ్చి, ఇన్ని పుస్తకాలు చదివి, అక్కడ రెండు రేకుముక్కలు పట్టుకుని తాళం వేశానంటే చూసుకోండి.

ఆ కొసకి వెళ్ళాక ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. వెనక్కి తిరిగింది.

"పారేసినందుకు అటు, అబద్ధమాడినందుకు ఇటు!"

ఈసారి బావ కూడా కలిశాడు. మెడలో వేసుకోవడానికి ఏమీ దొరక్క, తాళ్ళ కొట్టాయన భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. "అనుమానపడ్డందుకు," అన్నాడు నేను అడిగితే.

తర్వాతి వారాల్లో బుడుంగమ్మ రోజూ దిగి, ఆ మూలకి దూరంగా ఉండి చూసి వచ్చేది. విహార పడవలు వచ్చాయి. కెప్టెన్ వాటన్నింటికీ ఎదురెళ్ళి, "ఇంజన్ ఆపండి, అక్కడ బాలింత ఉంది," అని మళ్ళించేవాడు. ఛైర్మన్ గారు ప్రయాణికులకి అద్దం బకెట్ చూపిస్తూ ఆ ఆలోచన తనదే అన్నట్టు మాట్లాడేవారు. ఎవరూ కాదనలేదు.

ఒక పొద్దున్న బుడుంగమ్మ పైకొచ్చి ముఖానికున్న అద్దం తీస్తే లోపలనించి నీళ్ళు కారాయి. అద్దం బయటి నీళ్ళు లోపలికి వెళ్ళవు. ఆవిడ నవ్వుతోంది కూడా.

"వెళ్ళిపోయాయి! బియ్యపుగింజంత లేవు, ఒక్కోదానికీ ఎనిమిదేసి చేతులు! ఒకటి నా ముక్కు దగ్గరకొచ్చి చూసి, నచ్చలేదేమో, సిరా చిమ్మి పోయింది. ఇంత చుక్క సిరా!"

కాసేపయ్యాక, "ఆవిడ పోయింది," అంది. "గుమ్మంలోనే. తెల్లబడిపోయింది. పీతలొచ్చాయి. రానిచ్చాను." మేడమ్ తల ఊపింది.

ఆ మూల పూర్తిగా ఖాళీ అయ్యాక, ఇచ్చిన మాట ప్రకారం బుడుంగమ్మ మళ్ళీ దిగింది. కుక్కర్ని ఒక చేత్తో చంకలో ఇరికించుకుని, నడుముకున్న తాడుని రెండుసార్లు లాగింది.

పైన బావ కదల్లేదు.

మళ్ళీ రెండు.

బావ తాడుని అనుమానంగా చూశాడు. తన వైపునించి ఒకసారి మెల్లగా లాగాడు, 'ఎవరు?' అన్నట్టు.

కిందనించి రెండు, గట్టిగా.

పైనించి మళ్ళీ ఒకటి.

ఇలా కాసేపు నడిచింది. చివరికి నీళ్ళు చీల్చుకుని, చంకలో కుక్కర్‌తో, నిప్పులు కక్కుతూ బుడుంగమ్మ తనంతట తనే పైకి వచ్చేసింది.

"ఏమయ్యా, చెవుడా? రెండు లాగితే లాగాలని తెలీదా?"

"రెండు లాగింది నువ్వేనని నాకెలా తెలుస్తుందే?" అన్నాడు బావ.

ఎప్పటిలాగే ఎడమ చెయ్యి చాపాడు. ఆవిడ చెయ్యి అందించింది. పట్టుకునే ముందు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గాజులు చూసి, వేళ్ళు చూసి, అప్పుడు గట్టిగా పట్టుకున్నాడు.

"మెల్లగా రా," అన్నాడు.